గొంగడి మీద కూర్చున్న హాలియా

"హాలియా! హాలియా!" అని ఎవరో గొంతు చించుకుని అరుస్తుంటే, ఒంటి మీద సబ్బు నురగ ఉండగానే లుంగీ చుట్టుకుని స్నానాల గదిలోంచి బయటికి ఉరికాను. దుబాయి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో మా ఊరి పేరు ఒక్కరి నోటా వినలేదు. కంపెనీ క్యాంపులో రెండు వందల మంది ఉండేవాళ్ళం. మలయాళం వాళ్ళు, పఠాన్లు, బెంగాలీలు, గోదావరి వాళ్ళు అందరూ ఉన్నారు గానీ నల్లగొండ మొహం మాత్రం నాదొక్కటే అనుకున్నాను.

బయట చూస్తే భుజాన నల్ల గొంగడి వేసుకున్న ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. అతని పిలుపు విని ఒంటె రంగు కుక్కపిల్ల ఒకటి ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొస్తోంది.

నాకు ఒళ్ళు మండింది. "మా ఊరి పేరు కుక్కకు పెట్టినవా?" అన్నాను. పలకరింపు కూడా లేదు, నేరుగా తగువే.

"నీది గూడ హాలియానేనా తమ్మీ?" అని అతను నురగతో ఉన్న నన్ను అట్లాగే వాటేసుకున్నాడు. "మరేం జెయ్యమంటవ్? రోజుకు పదిసార్లన్న మన దిక్కు పేరు నోట్లెకు రావాలె గద. మనిషికి పెడితే వాడు పలుకుతడో పలకడో. ఇది పలుకుతది."

ఆ మాటకు నా కోపం ఎటు పోయిందో తెలియదు. అది 1987. ముందు రోజే మా క్యాంపుకు మారి వచ్చిన ఆ మనిషి పేరు ఎల్లస్వామి. మా హాలియాకు ఆరు మైళ్ళ అవతల, గుట్టల కింద వాళ్ళ ఊరు. కురుమలు. తాతల కాలం నుంచీ గొర్రెలే వాళ్ళ బతుకు. మా నాన్న పీర్ మహమ్మద్ హాలియా బస్టాండు పక్కన బట్టలు కుట్టేవాడు. ఎల్లస్వామి పెళ్ళి అంగీ మా నాన్న కుట్టిందేనట. చంకల దగ్గర బిగుసుకుపోయిందని ఇరవై ఏళ్ళ తర్వాత, దుబాయిలో, నాకు ఫిర్యాదు చేశాడు.

సాగర్ కాలువ వచ్చినప్పుడు మా వైపు అందరూ పండగ చేసుకున్నారు. ఎల్లస్వామి కూడా చేసుకున్నాడు పాపం. నాలుగేళ్ళు తిరిగేసరికి బీళ్ళన్నీ వరి మడులయ్యాయి. గొర్రె కాలు పెడితే ఎవరో ఒకరు కర్ర పట్టుకుని వచ్చేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఎట్లాగో నెట్టుకొచ్చి, చివరికి సగం మందను అమ్మి, మిగతా సగం పెళ్ళాం బీరమ్మకు అప్పగించి, ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో విమానం ఎక్కాడు. ఇక్కడ అతనికి దొరికిన పని, కంపెనీ ఆఫీసర్ల బంగళాల ముందు పచ్చిక పెంచడం.

"మన దిక్కు ఉన్న గడ్డినేమో నీళ్ళల్ల ముంచిరి. ఈడ లేని గడ్డికేమో నీళ్ళు తాపుతున్న. పెంచినంక మేసెటందుకు ఒక్క గొర్రె లేదు. గీ లోకం ఏంది లియాఖతూ!" అనేవాడు పైపు పట్టుకుని. అని తనే పడీ పడీ నవ్వేవాడు.

నేను కంపెనీ డ్రైవర్ని. ఐదు పూటల నమాజు వాణ్ణి. కుక్క ఎంగిలి తగిలితే ఏడుసార్లు కడుక్కోవాలని మా అమ్మ జన్నత్ బీ చిన్నప్పుడే నేర్పింది. అందుకని ఎల్లన్నతో ఎంత చనువున్నా ఆ కుక్కకు మాత్రం నాలుగు బారల దూరంలో ఉండేవాణ్ణి. దూరం నుంచే తిట్టేవాణ్ణి. మెస్సులో మిగిలిన బొక్కలు దూరం నుంచే విసిరేవాణ్ణి. పేరు మా ఊరిది కదా, పస్తు పెట్టడానికి మనసొప్పేది కాదు.

ఏడాది తిరిగేసరికి హాలియా సన్నగా, పొడుగ్గా, గాలి కొడితే ఎగిరిపోయేలా తయారైంది. ఒకరోజు ఎల్లన్న మేరీ మేడం తోటలో పనిచేస్తుంటే అది ఐదడుగుల గోడ దూకి లోపలికొచ్చింది. మేరీ మేడం మా ఇంజనీరు గారి భార్య. ఆవిడకు బొద్దుగా ఒక నల్ల కుక్క ఉండేది. దానికి తోటలో ఆటలు నేర్పిస్తోంది. అడ్డు కర్రల మీంచి దూకాలి, గొట్టంలోంచి దూరి అవతలికి రావాలి, ఊగే పలక ఎక్కి దిగాలి, వరసగా నాటిన పన్నెండు కర్రల మధ్య మెలికలు తిరగాలి. ఆ ఆటను ఎజిలిటీ అంటారట. నల్ల కుక్క ఊగే పలక మీద పడుకుని నిద్రపోయేది. గోడ దూకొచ్చిన హాలియా మాత్రం అడ్డు కర్రలన్నీ ఒక్క ఊపులో దాటి, గొట్టంలో దూరి, వచ్చి ఎల్లన్న కాళ్ళ దగ్గర కూర్చుంది. మేడం చేతిలో టీ కప్పు అట్లాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఎల్లన్నకూ హాలియాకూ చదువు మొదలైంది. ఎజిలిటీ అనే మాట అతని నోరు తిరగలేదు. 'దుంకుడాట' అన్నాడు. మాది పైపుల కంపెనీ, గొట్టాలకేం కొదవ? విరిగిన పైపులు తెచ్చి క్యాంపు వెనక ఇసుకలో పరిచాడు. సన్న పైపులు పన్నెండు పాతాడు. డ్రమ్ము మీద పలక వేశాడు. పాత లారీ టైరు వేలాడదీశాడు. పఠాన్లు తమ క్రికెట్ మానేసి ఇది చూడటానికి వచ్చి కూర్చునేవాళ్ళు.

మేడంతో ఒక్క దగ్గర మాత్రం పేచీ వచ్చింది. కుక్క వైపు తిరిగి చేతులతో దారి చూపాలని ఆవిడ నేర్పేది. ఎల్లన్న వినేవాడు కాదు. వీపు చూపించి ముందు నడిచిపోయేవాడు. నాలుక అంగిటికి కొట్టి చప్పుడు చేసేవాడు. ఒక టక్కు అంటే దుంకు, రెండు టక్కులంటే గొట్టంలో దూరు, గొలుసుగా టకటకమంటే మెలికలు తిరుగు.

"కాపరోడు ఎన్కకు సూడొద్దు మేడం. సూస్తే మంద ఆగుతది. నమ్మి ముందల వడాలె, గంతే" అని నాతో చెప్పించాడు. నా వచ్చీరాని ఇంగ్లీషులో 'నో లుకింగ్, ఓన్లీ ట్రస్ట్' అన్నాను. ఆవిడకు ఎంత అర్థమైందో గానీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

బల్ల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఆటలో ఒక చోట కుక్క బల్ల ఎక్కి ఐదు సెకన్లు కదలకుండా కూర్చోవాలి. హాలియాకు కదలకుండా ఉండటం పుట్టుకతో రాదు. ఎల్లన్న రెండు రోజులు ఆలోచించి భుజం మీది గొంగడి తీశాడు. మా వైపు కాపరి నీళ్ళు తాగడానికో, తప్పిపోయిన గొర్రెను తేవడానికో పోవాల్సి వస్తే గొంగడి నేల మీద వేసిపోతాడు. కుక్క వచ్చి దాని మీద కూర్చుంటుంది. మంద చుట్టుపక్కలే మేస్తుంది. కాపరి తిరిగొచ్చి, గొంగడి దులిపి, మడిచి భుజాన వేసుకునే దాకా కుక్క లేవదు. ఇంద్రుడు వచ్చినా లేవదు. ఎల్లన్న హాలియాకు ముందు నేల మీద అదే నేర్పాడు. తర్వాత బల్ల మీద గొంగడి పరిచి నేర్పాడు. తర్వాత గొంగడిని సగానికి మడిచాడు, మళ్ళీ సగానికి, చివరికి బెత్తెడంత. ఒకరోజు గొంగడే లేదు. హాలియా ఉత్త బల్ల మీద కూర్చుని, ఐదు లెక్కపెట్టే దాకా కన్నార్పకుండా అతన్ని చూస్తోంది. పఠాన్లు లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, నాలుగు బారల దూరం నుంచే.

సరిగ్గా ఆ వారమే క్యాంపులో నోటీసు పెట్టారు. లైసెన్సు బిళ్ళ లేని కుక్కల్ని మున్సిపాలిటీ బండికి ఎక్కిస్తారట. క్యాంపులో కుక్కలు ఉండకూడదని మా మేనేజర్ దొర ఖచ్చితంగా చెప్పేశాడు. బండి ఎక్కిన కుక్క తిరిగి రావడం మేమెవరం చూడలేదు.

ఎల్లన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "నేను గూడ ఎక్కుత గా బండి" అన్నాడు. నవ్వే మనిషి నవ్వకపోతే చూడలేం. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు తిట్లొస్తాయి. మేనేజర్‌ను, మున్సిపాలిటీని, కాలువను, గొర్రెలను, నా డ్రైవింగు లైసెన్సును, అందరినీ తిట్టి పడుకున్నాను.

మర్నాడు మేరీ మేడం మేనేజర్‌ను టీకి పిలిచింది. కారు దగ్గర నిలబడి నేను అంతా విన్నాను. ఫిబ్రవరిలో వాళ్ళ కుక్కల క్లబ్బు పోటీ ఉంది. మేనేజర్‌కు కూడా రెండు జాతి కుక్కలున్నాయి, ఏటా కప్పు కొడతాడు.

"ఆ ఒంటె రంగు వీధికుక్క ఆ పోటీలో సర్టిఫికెట్ తెచ్చుకుంటే, కంపెనీ యార్డు కాపలా కుక్క అని నేనే సంతకం పెడతాను" అన్నాడు నవ్వుతూ. "తేకపోతే మర్నాడే బండి."

మేడం అక్కడికక్కడే చెయ్యి కలిపింది. ఎల్లన్న తరఫున కలిపిన చెయ్యి అది.

షరతులు మేడం నాకు నేర్పింది, నేను ఎల్లన్నకు నేర్పాను. తొంభై సెకన్లలో ఆట ముగించాలి. ఆపైన ప్రతి సెకనుకూ ఒక తప్పు. కర్ర పడేస్తే ఐదు తప్పులు. అన్నీ కలిపి పదికి లోపు ఉంటేనే సర్టిఫికెట్. కుక్కను ముట్టుకుంటే ఆట నుంచి బయటికే. చేతిలో ఏదైనా పట్టుకుని ఆడించినా బయటికే. హాలియా మాకు రోజూ ఎనభై సెకన్లలో ముగించి చూపించేది. ఇక ఫికర్ లేదనుకున్నాం.

ఈ సంగతి బీరమ్మకు ఉత్తరం రాయించాడు. అతనికి చదువు రాదు, రాత పని నాదే. జవాబు వచ్చింది: "ఈడ గొర్లను మా నెత్తిన పెట్టి ఆడ కుక్కను దుంకిస్తున్నవా? సరే, దుంకిచ్చినోనివి మంచిగ దుంకిచ్చు. ఓడి నా మొకం సూడకు." అది చదివించుకుని ఎల్లన్న మురిసిపోయాడు.

పోటీ రోజు పొద్దున చలిగాలి వీస్తోంది. బడి మైదానం నిండా జనం. బొచ్చు దువ్వించుకున్న కుక్కలు, టోపీలు పెట్టుకున్న దొరసానులు. ఎల్లన్న తెల్ల ధోవతి, అంగీ వేసుకుని, భుజాన గొంగడితో వచ్చాడు. మేడం చూసి గొంగడి తీసేయమంది.

నేనూ చెప్పాను. "అన్నా, ఉరికెటప్పుడు అడ్డమొస్తది. నాకియ్యి, పట్టుకుంట."

"గొంగడి లేకుంట నలుగుర్లకు పోతనా? బట్టలిప్పుకోని పోయినట్టుంటది. బీరప్ప గుడికి పోయినా, పెండ్లికి పోయినా భుజం మీద ఇది ఉండాలె. నువ్వు ఊకో" అని నా మీదే కసిరాడు. ఇంతమంది దొరల ముందుకు, తన హాలియా పోటీకి, ఉత్త భుజంతో పోవడం అతని లెక్కలో అమర్యాద. ఇంకేం చెప్తాం?

ఈల మోగింది. నేను గడియారం నొక్కాను. ఎల్లన్న వీపు తిప్పి ఒక టక్కు కొట్టాడు. హాలియా లేచింది. అబ్బ, దాని పరుగు చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. మొదటి మూడు కర్రలు దాటినట్టే లేదు, మీది నుంచి జారినట్టుంది. రెండు టక్కులు. గొట్టంలో ఇటు దూరి అటు తేలింది. బల్ల ఎక్కి బొమ్మలా కూర్చుంది, ఐదు సెకన్లు. అప్పటిదాకా గొంగడిని చూసి నవ్వుతున్న జనం నవ్వడం మానేశారు. ఎల్లన్న ముందు పోతూ ఒక్కసారీ వెనక్కి చూడలేదు. టకటకమని గొలుసు కట్టాడు. పన్నెండు కర్రల మధ్య అది తోక ఒకవైపు, తల ఒకవైపు వేసుకుంటూ మెలికలు తిరిగిపోయింది. నా గడియారంలో యాభై ఎనిమిది. ఇంకా ఊగే పలక, టైరు, చివరి కర్ర, అంతే మిగిలింది. నేను అప్పుడే మేడం వైపు చూసి నవ్వాను.

పన్నెండో కర్ర దాటి రాగానే గాలి వీచింది. గొంగడి ఎల్లన్న భుజం మీంచి జారి నేల మీద పడింది.

హాలియా దాన్ని చూసింది. ఆగింది. చక్కగా నడిచి వెళ్ళి గొంగడి నడుమ కూర్చుంది.

వెనక్కి చూడని మనిషి కదా, ఎల్లన్న దర్జాగా ఊగే పలక దాకా పోయి టక్కు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పలక ఊగలేదు. మైదానమంతా ఒక్కసారి గొల్లుమంది. నేను ఇంక ఆగలేక లేచి నిలబడి అరిచాను. "ఎన్కకు సూడన్నా! నీ నమ్మకం పాడుగాను, జర ఎన్కకు సూడు!"

చూశాడు. ఉరికొచ్చి గొంగడి కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. హాలియా పక్కకు జరిగింది. అక్కడే మళ్ళీ కూర్చుంది. టక్కు కొట్టాడు. కదల్లేదు. గొంగడి భుజానికి చేరలేదు కదా, దాని కాపలా ఇంకా అయిపోలేదు. కసరాడు, బతిమిలాడాడు. అది నేర్పిన పాఠాన్ని ఒప్పజెప్తోంది, అంతే. నా గడియారంలో డెబ్బై ఆరు. కుక్కను ముట్టుకుంటే ఆట పోతుంది. ముట్టుకోకపోతే టైము పోతుంది.

అప్పుడు ఎల్లన్న గట్టిగా ఊపిరి పీల్చి నిలబడ్డాడు. తొందరంతా పక్కన పెట్టాడు. గొంగడిని రెండు చేతులా ఎత్తి దులిపాడు. అవును, దులిపాడు! ఇసుక రేణువు లేకుండా దులిపాడు! నేను నెత్తి బాదుకున్నాను. నిలువుగా ఒక మడత, మళ్ళీ ఒక మడత, కొసలు కలిపి సరిచూసుకున్నాడు. ఎడమ భుజాన వేసుకుని అరచేత్తో ఒత్తాడు. ఎనభై ఐదు. వీపు తిప్పాడు. ఒక టక్కు.

హాలియా లేచింది. ఈసారి అది పరుగు కాదు, ఇంకేదో. ఊగే పలక నేలను తాకీ తాకకముందే దిగి, టైరులోంచి దూరి, చివరి కర్ర మీంచి ఎగిరి గీత అవతల ఎల్లన్న కంటే ముందే నిలబడి అతని కోసం చూసింది. నేను గడియారం నొక్కాను. తొంభై ఎనిమిది.

ఎనిమిది తప్పులు. ఒక్క కర్రా పడలేదు. ఎనిమిదంటే పదికి లోపు. నాకు లెక్క తెలియడానికి కొంచెం సేపు పట్టింది. తెలిశాక నేను తాడు కింది నుంచి దూరి ఉరికాను. ఎల్లన్నను పట్టుకున్నాను, హాలియాను పట్టుకున్నాను, అది నా మొహమంతా నాకింది, నేను నవ్వుతూనే ఉన్నాను. ఏడుసార్లు కడుక్కోవాలంటే కడుక్కుంటాను, నీళ్ళకేం కరువు? డెబ్బై సార్లు కడుక్కుంటాను.

అంతలో మేనేజర్ వచ్చాడు. ఆట మధ్యలో చేతిలో వస్తువు పట్టుకున్నాడు కాబట్టి ఇది చెల్లదన్నాడు. తెల్ల గడ్డం జడ్జి పుస్తకం తిరగేశాడు. వస్తువు పట్టుకోకూడదని రాసి ఉంది. వేసుకున్న బట్ట సర్దుకోవచ్చని కూడా రాసి ఉంది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి నన్ను అడిగాడు, ఇది వస్తువా, బట్టా అని.

నేను ఎల్లన్న వైపు తిరిగాను. "అన్నా, గొంగడి సామానా, బట్టనా అని అడుగుతున్నడు. జర చూసి చెప్పు, దీని ప్రాణం నీ మాట మీదనే ఉన్నది."

"గదేం అడుగుడు?" అని ఎల్లన్న గొంగడి విప్పి, ఒక మూల మడిచి నెత్తి మీదుగా కొప్పెర వేసుకుని నిలబడ్డాడు. ముక్కు, మీసం తప్ప ఏమీ కనిపించడం లేదు. "వానొస్తె గిట్ల. చలివెడితె గిట్ల. పండుకుంటె కప్పుకునుడు. పెండ్లప్పుడు పీట మీద పరుసుడు. పుట్టిన పిల్లను గూడ దీంట్లనే సుట్టుడు. బట్ట గాకపోతె ఇంకేంది?"

ఇదంతా ఇంగ్లీషులోకి ఎట్లా మార్చాలి? "కోట్ సార్" అన్నాను. "ఫుల్ కోట్. రెయిన్ కోట్, వింటర్ కోట్, మ్యారేజ్ కోట్, బేబీ కోట్. ఆల్ ఇన్ వన్ కోట్ సార్."

జడ్జి ఆ గొంగడిని చేత్తో తడిమి చూశాడు. తనకు కూడా కొప్పెర వేయమన్నాడు. ఎల్లన్న ఆయనకు వేశాడు. గడ్డం, గొంగడి కలిసి ఆయన అచ్చం మా ఊరి పెద్దకురుమలా ఉన్నాడు. అందులోంచే నవ్వు వినిపించింది. "బట్టే" అని రాసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు.

మేనేజర్ దొర గురించి నేను చాలా చెడ్డగా మాట్లాడాను గానీ, మాట తప్పే మనిషి మాత్రం కాదు. మర్నాడు పొద్దున్నే మమ్మల్ని ఆఫీసుకు పిలిచాడు. అతని వెనక ఇనుప బీరువా ఉంది. క్యాంపులోని రెండు వందల మంది పాస్‌పోర్టులు అందులోనే తాళం వేసి ఉంటాయి. నాది కూడా. ఎల్లన్నది కూడా. వచ్చిన రోజు తీసుకున్నారు, పోయే రోజు దాకా కంటికి కనపడవు. మేనేజర్ ముద్ర వేసిన కాగితం, ఒక ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. ఎల్లన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆ కాగితం కూడా బీరువాలోకే పోతుందనుకుని. మేనేజర్ దాన్ని అతని వైపు తోశాడు. ఇది నీ దగ్గరే ఉండాలి, ఎవరైనా అడిగితే చూపించాలి అన్నాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. హాలియా మెడకు బిళ్ళ కట్టి, ఎల్లన్న కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నా ముందుకు చాపాడు.

"సదువు లియాఖతూ."

చదివాను. పేరు హాలియా. ఆడ. రంగు గోధుమ. ఉండే చోటు కంపెనీ యార్డు. యజమాని ఎల్లస్వామి, నల్లగొండ జిల్లా, ఇండియా.

హాలియా అతని మోకాలి మీద గడ్డం ఆనించి పడుకుంది.

"యజమాని అంటె?"

"మాలిక్ అన్నా. దీనికి నువ్వే మాలిక్ అని రాసిండ్రు."

"నా పేరే రాసిండ్రా? కంపెనీ పేరు రాయలే?"

"నీ పేరే రాసిండ్రు."

"గా ఒక్క ముక్క మల్లొక్కసారి సదువు" అన్నాడు.

మళ్ళీ చదివాను.